హవల్దార్ సమ్మయ్య నడుము రిపోర్టు

2017 ఎండాకాలం నాటికి నేను హన్మకొండలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వెల్ఫేర్ ఆర్గనైజర్‌గా చేరి కొన్నేళ్లయింది. అంతకుముందు సైన్యంలో క్లర్కుగా చేరి, నాయబ్ సుబేదార్ హోదాలో పదవీ విరమణ చేశాను. నాయబ్ సుబేదార్ అంటే జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్య ఉండే మెట్టు. కిందివాళ్లూ "సాబ్" అంటారు, పైవాళ్లూ "సాబ్" అంటారు, తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ మనకే పడతాయి. ఆ తర్ఫీదు ఉన్నందువల్ల ఈ ఉద్యోగం నాకు పెద్ద కష్టమనిపించలేదు.

వెల్ఫేర్ ఆర్గనైజర్ అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ అడుగుతుంటారు. పాత వరంగల్ జిల్లాలో మాజీ సైనికులూ, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలూ, సైనికుల వితంతువులూ ఎక్కడున్నా వాళ్లకు నియమాల ప్రకారం రావలసినది వచ్చేలా చూడటం నా పని. డోర్నకల్ నుంచి ఒక తల్లి వస్తుంది. శిక్షణలో కొడుకు కాలు విరిగిందట, ఉత్త చేతులతో ఇంటికి పంపేస్తారా అని అడుగుతుంది. తొర్రూరు నుంచి ఒక రైతు వస్తాడు. తమ్ముడు సరిహద్దులో ఉండగా పక్కవాడు పొలం గట్టు జరిపాడంటాడు. తమ్ముడు సెలవు మీద వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగలేడు కాబట్టి, అతని యూనిట్ నుంచి కలెక్టరుకు లేఖ రప్పించి దాని వెంట మేం పడాలి. ఇలాంటివి ఎన్ని ఉన్నా, మా ఫోనుకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం సైనికులకు తక్కువ ధరకు సామాన్లమ్మే మిలిటరీ క్యాంటీన్‌లోకి ఫ్రిజ్‌లు ఎప్పుడొస్తాయన్నదే. క్యాంటీన్ మాది కాదు నాయనా అంటే, మేమేదో దాచుకుంటున్నామని అనుమానపడేవారు.

ఆ వేసవిలో ఒకరోజు స్వరూప అనే ఆవిడ వచ్చింది. భర్త హవల్దార్‌గా రిటైరయ్యాడు, పేరు సమ్మయ్య. సొంతూరు రఘునాథపల్లి దగ్గర. పిల్లల చదువుల కోసం హన్మకొండలో అద్దెకు ఉంటున్నారు. కూతురు డిగ్రీలో చేరుతోంది, మాజీ సైనికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ గురించి అడగడానికి వచ్చింది. కాగితాలన్నీ సరిగ్గానే తెచ్చింది. భర్త సంతకం ఒక్కటి కావాలి, ఆయన్ను ఒకసారి రమ్మనమ్మా అన్నాను.

"ఆయనకెక్కడ తీరుతది సార్? బట్టల షాపు తలుపు కాడ గార్డు డ్యూటీ. పొద్దంత నిలవడే ఉంటడు."

సెలవు రోజున పంపమన్నాను.

"సెలవునాడు మంచం దిగడు సార్. నడుము. మాములు రోజుల్ల గూడ పొద్దుగాల లేవాల్నంటె కష్టమే. కిటికీ ఊచలకు నా పాత చీర కట్టిన. దాన్ని వట్టుకొని లేస్తాండు. లేసి యూనిఫాం తొడిగిండంటె మల్ల ఏం గానట్టే పోతాండు."

చీర మాట విన్నాక నా పెన్ను ఆగింది. నడుముకు ఏమైందని అడిగాను. సర్వీసులో ఉన్నప్పుడు కొండల్లో కాన్వాయ్ బండి బోల్తా పడిందట, కొన్ని నెలలు మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాడట. అయితే వైకల్య పింఛను వస్తోందా అన్నాను. "అదేంది సార్?" అంది.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. సైన్యంలో డ్యూటీ వల్ల ఒంటికి శాశ్వత నష్టం జరిగితే, మామూలు సర్వీసు పింఛనుకు తోడుగా వైకల్య పింఛను ఇస్తారు. దానికి రెండు షరతులున్నాయి. నష్టం డ్యూటీ వల్లనే జరిగిందని తేలాలి, అది నిర్ణీత శాతానికి తగ్గకుండా ఉండాలి. రిటైరయ్యే ముందు కూర్చునే రిలీజ్ మెడికల్ బోర్డు ఈ రెండూ తేలుస్తుంది. బోర్డు అంటే కర్నల్ స్థాయి ఆఫీసరు పెద్దగా ఉండే మిలిటరీ డాక్టర్ల బృందం. వాళ్లు మనిషిని చూస్తారు, అడుగుతారు, రాస్తారు. రాసినది నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటినా, కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని కోరవచ్చు. ఇదేమీ దయాధర్మం కాదు. బండి నడిపించినవాళ్లే బండి బోల్తా పడితే బాధ్యత తీసుకోవడం, అంతే.

సమ్మయ్య మరో వారం పగటిపూట వచ్చాడు. తలుపు దగ్గరే మడమలు కలిపి, "జైహింద్ సాబ్" అన్నాడు. నలభై దాటిన మనిషి, గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు. కూర్చోమంటే, "నిలబడ్త సాబ్, అలవాటే" అన్నాడు. అది మర్యాద అనుకున్నాను. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని తర్వాత అర్థమైంది.

అతని రిలీజ్ బోర్డు ప్రతి తెప్పించి చూశాను. ప్రమాదం డ్యూటీలో జరిగిందని విచారణలో తేలింది, దానికి ఢోకా లేదు. శాతం దగ్గర మాత్రం బొక్కబోర్లా పడ్డాడు. "ప్రస్తుతం ఎలాంటి బాధా లేదని చెప్పాడు" అని డాక్టరు రాశాడు. ఏ బాధా లేనివాడికి ఎక్కువ శాతం ఎవరు వేస్తారు? డాక్టరును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అలా ఎందుకు చెప్పావయ్యా అని అడిగాను.

"తబియత్ కైసా హై, పానం ఎట్లున్నదని అడిగిండు సాబ్. ఠీక్ హై సర్ అన్న."

"అప్పుడు నొప్పి లేదా?"

"ఉన్నది సాబ్."

"మరి?"

సమ్మయ్య నన్ను వింతగా చూశాడు. "కర్నల్ సాబ్ అడిగిండు గద సాబ్. కర్నల్ సాబ్‌కు నొస్తాందని ఎట్ల చెప్తం?"

బయటివాళ్లకు ఇది పిచ్చితనంలా అనిపిస్తుంది. నాకు మాత్రం నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి, ఎందుకంటే ఈ జవాబు ఎక్కడ తయారవుతుందో నాకు తెలుసు. రంగరూటుగా, అంటే కొత్త జవానుగా, చేరిన మొదటి వారంలోనే అది నోట్లో పడుతుంది. ఒంట్లో బాగాలేనివాళ్లు పొద్దున్నే విడిగా వరుసలో నిలబడాలి. దాన్ని సిక్ రిపోర్ట్ అంటారు. ఆ వరుసలో నిలబడినవాణ్ని హవల్దార్ మేజర్ చూసే చూపు ముందు జ్వరం దానంతటదే దిగిపోతుంది. ఇక నెలకోసారి కమాండింగ్ ఆఫీసర్ అందరినీ కూర్చోబెట్టి సైనిక సమ్మేళనం పెడతారు. చివర్లో ఆయన "కోయీ పాయింట్?" అంటారు, అంటే ఎవరికైనా ఇబ్బంది ఉంటే చెప్పమని. ఆయన నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. హాలు హాలంతా "నో పాయింట్ సర్!" అని పైకప్పు అదిరేలా అరుస్తుంది. యుద్ధంలో ఆ గుణం పనికొస్తుంది కాబట్టే నేర్పుతారు. రిటైరయ్యే రోజున దాన్ని యూనిఫాంతోపాటు తిరిగి ఇచ్చేయమని ఎవరూ చెప్పరు.

సమ్మయ్యకు ఇంకో బెంగ కూడా ఉంది. "కాళ్లు చేతులు వోయినోళ్లున్నరు సాబ్. మా బ్యాచోడు ఒకడు అసలుకే రాలే. నేను నడుము వట్టుకొని పోయి అడుగుడు సిగ్గు గాదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నువ్వు అడగనంత మాత్రాన వాళ్ల కాళ్లు తిరిగి రావయ్యా, నువ్వు పొద్దంతా షాపు తలుపు దగ్గర నిలబడితే మీ బ్యాచ్‌వాడికి పుణ్యం వస్తుందా అని గట్టిగానే అన్నాను. ఆఫీసులో పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు. సమ్మయ్య మాత్రం సావధాన్‌లోనే నిలబడి, "జీ సాబ్" అన్నాడు. జవాను "జీ సాబ్" అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నాడని అర్థం.

అయినా అప్పీలు పెట్టాం. మొదటిది తిరిగొచ్చింది. పాత బోర్డులో బాధ లేదన్నాడు కాబట్టి మార్చడానికి కారణం కనిపించలేదన్నారు. పై అప్పీలుకు వెళ్తూ, హన్మకొండలోని మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో చేయించిన స్కాన్ జతచేశాం. డిస్కు జారి నరాన్ని నొక్కుతున్నట్టు అందులో ఉంది. అప్పీలు కమిటీ మళ్లీ పరీక్ష చేయడానికి ఒప్పుకుని, సికింద్రాబాద్‌లో మెడికల్ బోర్డు ముందు హాజరవమని పిలిచింది. ఇది కూడా పోతే మిగిలేది సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్ ఒక్కటే. అక్కడ వకీలు సాయం ఉచితంగా దొరికే ఏర్పాటు ఉంది కానీ, ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లన్నీ సమ్మయ్య నిలబడే గడపాలి. కూతురు డిగ్రీ, కొడుకు ఇంటర్, సర్వీసు పింఛను ఒక్కటే చాలదు.

స్కాన్ ఉంది కదా, ఇంకేం భయమని మీరనుకోవచ్చు. డిస్కు ఎక్కడ జారిందో స్కాన్ చూపిస్తుంది. దానివల్ల మనిషి ఏం చేయలేకపోతున్నాడో అది చెప్పదు, మనిషే నోరు తెరవాలి. మా మనిషి నోరు తెరిస్తే "ఠీక్ హై" తప్ప రాదు. పాలీక్లినిక్ డాక్టరే నాకు ఫోన్ చేసి, "ఇలాంటి స్కాన్ ఉన్నవాడు నాకు ఏ ఇబ్బందీ లేదంటున్నాడు, మీ వాడు మనిషేనా?" అని అడిగాడు.

అందుకని రిహార్సల్ పెట్టాను. భోజన విరామంలో, మా ఆఫీసు వెనక గదిలో. స్వరూపను కూడా రమ్మన్నాను. నేను కర్నల్‌ని. బల్ల వెనక కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "తబియత్ కైసా హై?" అన్నాను.

"ఏక్‌దమ్ ఠీక్ సర్!"

ఈసారి నొప్పి ఉందని చెప్పు అన్నాను. నేను చెప్పింది హుకుం అనుకున్నాడు. మడమలు కలిపి, ఛాతీ విరిచి, "నొప్పి ఉన్నది సర్!" అని అరిచాడు. ఫుట్‌బాల్‌లో మన పల్టన్ కప్పు గెలిచిందని చెప్పినట్టుంది. ఆ గొంతు వింటే ఏ డాక్టరైనా ఇతన్ని మళ్లీ సర్వీసులోకి తీసుకుంటాడు. స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది.

సరే, భార్యను డాక్టరుగా కూర్చోబెట్టి చూద్దామనుకున్నాను. ఆమె నా కుర్చీలో కూర్చుని, "ఎట్లున్నది పానం?" అంది.

"ఏం గాలే. ఫికర్ జెయ్యకు."

"సూసిండ్రా సార్? ఇంట్ల రోజు గిదే పాట."

కొంచెం ముక్కుతూ మూలుగుతూ చెప్పిద్దామా అని ఆమె సలహా ఇచ్చింది. అది మాత్రం వద్దన్నాను. బోర్డు డాక్టర్లు నటించేవాళ్లను రోజూ చూస్తుంటారు. ఉన్నదానికి గోరంత కలిపినా ఇట్టే పట్టేస్తారు, ఆ తర్వాత ఉన్నది కూడా నమ్మరు. పైగా సమ్మయ్యకు నటన చేతకాదు. నిజం చెప్పడమే ఇంత గండంగా ఉన్నవాడు అబద్ధం ఏం ఆడతాడు?

ఇక నాకూ విసుగొచ్చింది. ఏమీ తోచక, పాత కబుర్లలోకి దిగి, పహారాలో ఎక్కడెక్కడ నిలబడ్డావు అని అడిగాను. ముఖం వెలిగింది. మంచు కొండల మీద కాపలా పోస్టు, దూరంగా కదలిక కనిపించిన రోజు, అన్నీ చెప్పాడు. కదలిక కనిపిస్తే ఏం చేసేవాడివన్నాను. పహారా కాసే సెంట్రీ ఇచ్చే రిపోర్టుకు ఒక పద్ధతుంది సాబ్, మీకు తెలియదా అన్నట్టు చూసి, గడగడా అప్పజెప్పాడు. ఏం కనబడ్డది, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎటు కదులుతాంది, ఏం చేస్తాంది.

"కనబడ్డదాన్ని దాచిపెట్టి 'సబ్ ఠీక్' అంటే?"

"కోర్ట్ మార్షల్ అయితది సాబ్!" దాదాపు కోప్పడ్డాడు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. నేను లేచి నిలబడ్డాను. "హవల్దార్ సమ్మయ్యా, నీ నడుమే నీ పోస్టు. ఇన్నేళ్లుగా అక్కడ కదలిక ఉంది. నువ్వు 'సబ్ ఠీక్' అని తప్పుడు రిపోర్టు ఇస్తున్నావు. ఇప్పుడు సరైన రిపోర్టు ఇవ్వు" అన్నాను.

 అతను కళ్లు గోడ మీద నిలిపి, పెదవులు కదుపుతూ లోపల సర్దుకున్నాడు. తర్వాత అరవకుండా, సెంట్రీ గొంతుతో మొదలుపెట్టాడు. నొప్పి నడుము కింద ఎడమ పక్కన. బండి బోల్తా పడిన నాటి నుంచి. అక్కడి నుంచి పిరుదు వెనకగా మోకాలు దాటి మడమ దాకా కదులుతుంది. తెల్లవారుజామునా, ఎక్కువసేపు నిలబడ్డప్పుడూ జోరు. వంగి బూటు లేసులు కట్టుకోవడం కుదరదు. అక్కడ కాస్త ఆగి, "ఎడమ పాదం మొద్దువారి ఉంటది. కింద నేల ఉన్నదో లేదో తెల్వది. రోడ్డు దాటేటప్పుడు కాలును సూసుకుంట దాటుత. మొన్న చెప్పు జారిపోతే ఎరుకలే, షాపు దాక ఒక్క చెప్పుతోనే పోయిన" అన్నాడు.

 నొప్పి సంగతి స్వరూపకు తెలుసు. పాదం సంగతి తెలియదు.

"గిది నాకెన్నడు చెప్పలే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం ఆ నీళ్లతోనే విరుచుకుపడింది. "చెప్పు పోయిందంటివి, బస్సుల ఎవడో ఎత్తుకపోయిండంటివి! నేను వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టిన! పాపం, ఏ తప్పు లేనోణ్ణి!"

సమ్మయ్య తల దించుకున్నాడు. నాకు జాలితోపాటు ఆ చెప్పుల దొంగ సంగతికి నవ్వూ వచ్చింది. మర్నాడే పాలీక్లినిక్‌కు తీసుకెళ్లి ఇదే రిపోర్టు ఇప్పించాను. డాక్టరు విని, పాదం పైకెత్తమని, నొక్కమని పరీక్షించి, కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాగే నిలబడుతూ పోతే పాదం శాశ్వతంగా వేలాడిపోతుంది, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు. అంటే ఇప్పుడు లెక్క చాలా తేలిక. షాపు తలుపు దగ్గర నిలబడటం మానకపోతే కాలు పోతుంది. బోర్డు ఒప్పుకోకపోతే మానడం కుదరదు.

బోర్డు రోజున పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాం. స్వరూప సద్ది గిన్నెలో అన్నం, మామిడికాయ తొక్కు పెట్టుకొచ్చింది. రైల్లో సమ్మయ్య కిటికీ పక్కన నిలబడే ఉన్నాడు. రిపోర్టు మనసులో తిప్పుకుంటున్నాడని పెదవుల కదలికను బట్టి తెలుస్తోంది. జనగామ దాటాక ఒకసారి హిందీలో అప్పజెప్పించాను. బాగానే వచ్చింది. గెలిచినట్టే అనుకున్నాను.

మిలిటరీ ఆసుపత్రిలో వరండా, దాని చివర బోర్డు గది. తలుపు తీసే ఉంది, పచ్చ తెర మాత్రం వేలాడుతోంది. పక్కన ఆర్డర్లీ, అంటే ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపే జవాను, నిలబడి ఉన్నాడు. లోపలికి రోగి ఒక్కడే వెళ్లాలి. నేనూ స్వరూపా తెర ఇవతల బెంచీ మీద కూర్చున్నాం. లోపలి మాట ప్రతిదీ వినిపిస్తోంది.

మడమలు కలిసిన చప్పుడు. తర్వాత పెద్దమనిషి గొంతు, దయగానే ఉంది. "ఆవో హవల్దార్ సాబ్. తబియత్ కైసా హై?"

"ఏక్‌దమ్ ఠీక్ సర్!"

నేను నుదురు కొట్టుకున్నాను. ఇన్ని నెలల శ్రమ, రెండు అప్పీళ్లు, స్కాన్, రిహార్సళ్లు, అన్నీ గంగలో కలిశాయి. లోపల కాగితం మీద కలం కదులుతున్న చప్పుడు మొదలైంది. నాయబ్ సుబేదార్‌గా బోర్డు గదిలోకి తల దూర్చే ధైర్యం నాకు లేదు. నాకూ ఆ తర్ఫీదే కదా.

స్వరూపకు ఆ తర్ఫీదు లేదు. దిగ్గున లేచింది. ఆర్డర్లీ చేయి అడ్డం పెట్టాడు. అతని చేయి అవతలికి మెడ చాచి, తెరలోకి ఒక్క కేక వేసింది.

"ఇయ్యవేందయ్యా రిపోర్టు!"

 లోపల కలం ఆగింది. ఎవరది అని కర్నల్ గారు అడగడం వినిపించింది. సమ్మయ్య ఏమాత్రం తడబడలేదు.

"మేరా గార్డ్ కమాండర్ హై సర్."

ముందు కర్నల్ గారు నవ్వారు, తర్వాత మిగిలిన డాక్టర్లు. గార్డ్ కమాండర్ అంటే సెంట్రీలందరి మీదా పెత్తనం చేసేవాడు, వాడి మాట ఆఫీసర్ కూడా తోసెయ్యడు. నవ్వు తగ్గాక కర్నల్ గారు, "అయితే రిపోర్టు ఇవ్వండి సాబ్, కమాండర్ హుకుం అయింది కదా" అన్నారు హిందీలో.

ఇచ్చాడు. ఏం, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎటు, ఏం చేస్తోంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. చెప్పు సంగతి కూడా వదల్లేదు. ఇప్పుడు గదిలో ఎవరూ నవ్వలేదు. కర్నల్ గారు మధ్యలో ఒక్కసారి మాత్రమే అడ్డుపడి, "ఇదంతా రిలీజ్ బోర్డులో ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"రిపోర్టు అడగలేదు సర్. తబియత్ అడిగారు."

తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. పడుకోబెట్టి కాలు ఎత్తించారు, మడమ మీద నడిపించారు, పాదానికి సూది తాకించి తెలుస్తోందా అని అడిగారు. ఎక్కడ వెతకాలో తెలిశాక డాక్టర్లకు ఎక్కువ సేపు పట్టలేదు. సమ్మయ్య బయటికి వచ్చి, నాకు సెల్యూట్ కొట్టి, భార్య వైపు తిరిగి ఏం చేయాలో తెలియక ఆమెకూ కొట్టాడు. ఆర్డర్లీ మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు. స్వరూప మాత్రం, "సాలు సాలు, ముందు కూసో" అని బెంచీ మీద కూర్చోబెట్టింది. కూర్చున్నాడు. ఇద్దరం చెరో చేయి పట్టుకుంటే గానీ లేవలేదు, లేపించుకోవడానికి అభ్యంతరమూ చెప్పలేదు.

ఉత్తర్వు రావడానికి నెలలు పట్టింది, అది మామూలే. శాతం పెరిగింది. వైకల్య పింఛను మంజూరైంది, రిటైరైన నాటి నుంచి లెక్కగట్టి ఇమ్మన్నారు. సమ్మయ్య బట్టల షాపు పని మానేసి, ఒక విత్తనాల దుకాణంలో కుర్చీలో కూర్చుని చూసుకునే పనిలో చేరాడు. పాలీక్లినిక్ పంపిన ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాడు. పాదంలో స్పర్శ మొత్తంగా కాకపోయినా చాలావరకు తిరిగొచ్చింది.

మిఠాయి పట్టుకుని దంపతులిద్దరూ ఆఫీసుకు వచ్చారు. చెప్పకుండానే సమ్మయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను అలవాటు కొద్దీ, "ఎట్లున్నవ్?" అన్నాను. "ఠీ..." అని మొదలుపెట్టి, ఆగి, ఆలోచించి, "కుట్లు వేసిన కాడ జర పీకుతాంది సాబ్. పొద్దుగాల ఎక్కువ. పాదంల రెండు వేళ్లకు ఇంక తెలుస్తలేదు. తక్కినయన్ని మంచిగున్నయి" అన్నాడు. ఆ "మంచిగున్నయి" అన్న మాటను నేను మొదటిసారి నమ్మాను.

స్వరూప తల పట్టుకుంది. "మీరు నేర్పిచ్చుడేమో గాని సార్, ఇప్పుడు ఆగుతలేడు. పాలాయన మంచిగున్నవా అంటె ఆయనకు గూడ రిపోర్టే. ఆయన పాలు పోసుడు ఇడిసిపెట్టి నిలవడి ఇంటాండు. ఇంత చెప్పుడు గూడ బందు జేసే మందుందా సార్?"

లేదన్నాను.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది పనికి సంబంధించినదే. హక్కులు పుస్తకంలో ఉంటాయి, సాయం చేసే ఆఫీసులూ ఉంటాయి. అవి సైనికుడి దాకా చేరాలంటే అతను బాధ చెప్పాలి, బాధ చెప్పకుండా ఉండటానికే అతనికి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి ఉంటాం. అందుకని "ఎలా ఉన్నావు" అన్నది మా వృత్తిలో పనికిరాని ప్రశ్న. దానికి వచ్చే జవాబు ముందే తయారై ఉంటుంది. రిటైరయ్యేదాకా నా బల్ల ముందుకు వచ్చిన ఏ జవానునూ నేను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు. కూర్చోబెట్టి, "రిపోర్టు ఇవ్వు" అన్నాను. అందరూ ఇచ్చారు.